నిమిషానికి రెండొందల లీటర్లు

టోలిచౌకిలో నీళ్ల ఖర్చు ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఎండాకాలంలో ట్యాంకరు తెప్పించుకోవడానికి ఒకసారి, వానాకాలంలో సెల్లారులో నిలిచిన నీళ్లను మోటారు పెట్టి తోడించడానికి ఇంకోసారి. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు షా హాతిం తలాబ్ పొంగి, నదీం కాలనీ వీధులు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. జనాన్ని పడవల్లో బయటికి తీసుకొచ్చారు. మే నెల వచ్చిందంటే ఇదే పేటలో వెయ్యి అడుగుల బోర్లు కూడా కొన్ని గాలి కక్కుతాయి.

ఈ రెండు బాధలకూ ఒకటే మందు అనుకుని ఓ ఐదంతస్తుల అపార్ట్‌మెంటు అసోసియేషను డాబా మీద పడే వాన నీటిని వడకట్టి బోరు దగ్గర భూమిలోకి దించాలని తీర్మానించింది. కార్యదర్శిగా ఉన్న టీచరమ్మ ఇద్దరిని పిలిచారు. ఒకాయన నీటి శుద్ధి కేంద్రాల్లో పనిచేసి రిటైరైన ఇంజినీరు, మూడో అంతస్తులోనే ఉంటారు. రెండో ఆయన షేక్‌పేట నుంచి జూబ్లీహిల్స్ దాకా ఇంకుడు గుంతలు తవ్వే మేస్త్రీ. ఇద్దరూ చెరో బొమ్మ గీసుకొచ్చారు.

మేస్త్రీ బొమ్మ సిమెంటు బస్తా కాగితం మీద ఉంది. అడుగున 40 ఎంఎం మెటల్, దాని మీద 20 ఎంఎం, పైన జానెడు దొడ్డు ఇసుక. ఊళ్లో అందరూ వేసేది ఇదే. ఇంజినీరు బొమ్మ గ్రాఫు కాగితం మీద. మూడడుగుల సన్న ఇసుక, దాని కింద మూడు సైజుల కంకర.

“సార్ బొమ్మ మంచిగుంది,” అన్నాడు మేస్త్రీ. “గని ఇది దిగేదాక వాన ఆగుతదా సార్?”

ఇంజినీరు పెన్ను తీశారు. “లెక్క వేద్దాం. డాబా 200 చదరపు మీటర్లు. గట్టి వాన అంటే గంటకు 60 మిల్లీమీటర్లు, అంటే నిమిషానికి ఒకటి. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. నిమిషానికి 200 లీటర్లు వస్తాయి.”

“మరి మీ సన్న ఇసుకల నుంచి ఎంత పోతది?”

“నెమ్మదిగా వడకట్టే ఇసుక బెడ్డులో నీళ్లు గంటకు పది, ఇరవై సెంటీమీటర్లు మాత్రమే దిగాలి. ఆ లెక్కన మనకు 60 చదరపు మీటర్ల బెడ్డు కావాలి.”

మేస్త్రీ నవ్వాడు. “అంటే అయిదు కార్లు పెట్టే జాగ. పార్కింగ్ మొత్తం ఇసుక నింపుడే. ఒక కారు జాగ తీస్కుంటేనే మీటింగుల లొల్లి అయితది మేడం.”

ఈ మాట టీచరమ్మకు బాగా తెలుసు. కానీ ఇంజినీరు వెనక్కి తగ్గలేదు. “బెడ్డు పట్టదని నేనూ ఒప్పుకుంటాను. అంతమాత్రాన నీ బొమ్మ సరైందైపోదు మేస్త్రీ. 1892లో జర్మనీలో ఏం జరిగిందో విను. హాంబర్గ్, ఆల్టోనా అప్పట్లో పక్కపక్క ఊళ్లు, కొన్నిచోట్ల వీధి దాటితే ఊరు మారిపోయేది. రెండూ ఎల్బే నది నీళ్లే తాగేవి. హాంబర్గ్ నదిలోంచి తోడిన నీళ్లను వడకట్టకుండానే ఇళ్లకు పంపేది. ఆల్టోనా అంతకన్నా అన్యాయం, హాంబర్గ్ మురుగంతా కలిసిన దిగువ నీళ్లు తోడుకునేది. కానీ ఇసుక బెడ్లలో నెమ్మదిగా వడకట్టేది. ఆ ఏడు కలరా వస్తే హాంబర్గ్‌లో ఎనిమిది వేలమందికి పైగా పోయారు. ఆల్టోనాలో చావులు చాలా తక్కువ. వడపోత మీద అప్పటిదాకా ఉన్న అనుమానాలు చాలావరకు ఆ దెబ్బతో పోయాయి.”

“ఆ ఊరోళ్లు ఎన్నెకరాల ఇసుక పోసిన్రు సార్?”

“ఎకరాలే,” అన్నారు ఇంజినీరు, కాస్త ఆలస్యంగా.

“ఉస్మాన్‌సాగర్ నీళ్లు ఆసిఫ్‌నగర్‌కు వస్తయి, నిజాం కాలం నుంచి. ఆడ కూడ ఫిల్టర్ బెడ్లకు ఎంత జాగ ఉందో సూడున్రి. సర్కారు నీళ్లకు సర్కారు జాగ ఉంటది. మనకాడ ఉన్నది వెనక గోడకూ బిల్డింగుకూ నడుమ సందు.”

మేస్త్రీ మాటలో న్యాయం ఉంది. శుద్ధి కేంద్రాలు కూడా స్థలం చాలకే వేగంగా వడకట్టే ఇసుక ఫిల్టర్లకు మారాయి. వాటిలో నీళ్లు గంటకు సుమారు ఐదు మీటర్లు దిగుతాయి, అంటే నెమ్మది బెడ్డు కన్నా పాతిక రెట్లకు పైన. ఆ వేగం ఊరికే రాలేదు. ముందు పటిక వేసి సన్న మట్టిని ముద్దలు కట్టించాలి, తొట్టిలో తేర్చాలి, ఫిల్టరును రోజూ కాకపోయినా రెండ్రోజులకోసారి కింది నుంచి నీళ్లు ఎదురు పంపి కడగాలి, చివర క్లోరిన్ కలపాలి. ఇందులో ఒక్కటీ చేయకుండా వేగం మాత్రం తెచ్చుకుంటే దక్కేది వేగమే.

వాదన మాటల్లో తేలేలా లేదని టీచరమ్మ లీటరు నీళ్ల సీసాలు రెండు తెచ్చి, అడుగు కోయించి, మూతికి గుడ్డ కట్టి తలకిందులుగా నిలబెట్టించారు. ఒకదాంట్లో మేస్త్రీ చిన్న కంకర, దాని మీద దొడ్డు ఇసుక పోశాడు. ఇంకోదాంట్లో ఇంజినీరు తాను జల్లించి తెచ్చుకున్న సన్న ఇసుక పోశారు. డాబా గొట్టం దగ్గర పేరుకున్న మట్టిని బకెట్లో కలిపి రెండింట్లోనూ సమంగా పోశారు. మేస్త్రీ సీసా గడగడా ఖాళీ అయింది, కింద గ్లాసులో పలచని చాయ్ రంగు. ఇంజినీరు సీసాలోంచి చుక్కలు పడ్డాయి. మొదటి చుక్కలు మసకగా ఉన్నా పోనుపోను తేటపడ్డాయి, ఆ తేటతోపాటే చుక్కకూ చుక్కకూ మధ్య ఎడమూ పెరిగింది. రెండో గ్లాసు పోసేసరికి పైన బురద చర్మంలా కట్టుకుపోయి చుక్క పడటం మానేసింది.

“నాది తొందర, మీది తేట,” అన్నాడు మేస్త్రీ. “రెండూ పనికిరాలె.”

“ఎందుకు పనికిరాలేదో తెలుసుకుంటే పనికొచ్చేది తెలుస్తుంది.” ఇంజినీరు గ్రాఫు కాగితం తిప్పి వెనకవైపు రాయసాగారు. ఇసుకలోంచి నీళ్లు ఎంత వేగంగా పోతాయో 1856లో ఫ్రాన్స్‌లో దిజోన్ నగరపు నీటి పనులు చూసిన హెన్రీ దార్సీ సూత్రంగా చెప్పాడు. పైనున్న నీటి ఒత్తిడి పెరిగితే వేగం పెరుగుతుంది, ఇసుక మందం పెరిగితే తగ్గుతుంది. ఆ తర్వాత 1890లలో అమెరికాలో అలెన్ హేజెన్ ఇంకో మెట్టు ఎక్కాడు. రేణువు సైజు సగమైతే నీటి దారి సగం కాదు, నాలుగో వంతు అవుతుందని లెక్క తేల్చాడు. బరువులో పది శాతం ఏ సైజు కన్నా సన్నగా ఉందో ఆ సైజే ఇసుక అసలు సైజు అన్నాడు. సంచిలో ముక్కాలు భాగం దొడ్డుగా ఉన్నా, కలిసిన ఆ కాస్త సన్నదే నీటిని ఆపుతుంది కాబట్టి.

“అంటే మిల్లీమీటరు ఇసుక కన్నా పావు మిల్లీమీటరు ఇసుక పదహారు రెట్లు అడ్డం,” అన్నారు ఇంజినీరు. “నా ఐదు సెంటీమీటర్ల సన్న ఇసుక ఎంత ఆపుతుందో, నీ ఎనభై సెంటీమీటర్ల దొడ్డు ఇసుక అంతే ఆపుతుంది. పొరలు ఒకదాని కింద ఒకటి ఉన్నప్పుడు అడ్డాలన్నీ కూడతాయి. కూడికలో అన్నిటికన్నా సన్న పొరదే పెద్ద అంకె.”

“గందుకే నేను రోబో శాండ్ తెస్తే కడగనిదే పొయ్య,” అన్నాడు మేస్త్రీ. “క్రషర్ పౌడర్ ఉంటది దాంట్ల. ఒక్క వానకే సిమెంటోలె పట్టేస్తది. మీ హేజెన్ సారు చెప్పింది గదే కదా.”

“అదే. అయితే నీ 40 ఎంఎం మెటల్ ఎందుకు వేస్తున్నావు? అది ఏ మట్టినీ ఆపదు.”

“ఆపనీకి కాదు సార్. ఇసుక కిందికి జారకుండ, నీళ్లు నిలవనీకి జాగ ఉండనీకి.”

“జారకుండా అయితే లెక్క తప్పింది. 20 ఎంఎం మీద దొడ్డు ఇసుక పోస్తే సందుల్లోంచి దిగిపోతుంది. పై పొర రేణువుకూ కింది పొర రేణువుకూ తేడా నాలుగైదు రెట్లు దాటకూడదు. మట్టి కట్టల కోసం కార్ల్ టెర్జాగి చెప్పిన నియమం ఇది, ఫిల్టరుకూ పనికొస్తుంది. ఇసుక కింద రెండు మూడు మిల్లీమీటర్ల చిప్స్, దాని కింద పది, ఆ తర్వాతే నీ ఇరవై, నలభై.”

మేస్త్రీ తల ఊపాడు. రెండేళ్లయ్యాక గుంత తెరిస్తే పైన ఇసుక ఎందుకు కనపడదో అతనికి ఇప్పుడు తెలిసింది. ఎవరో ఎత్తుకుపోయారని అపార్ట్‌మెంటువాళ్లు వాచ్‌మన్‌ను తిట్టిన సందర్భాలు ఉన్నాయట.

ఇంతలో టీచరమ్మ ఒక కరపత్రం ముందు పెట్టారు. ఏడు పొరల ఫిల్టరు, అందులో యాక్టివేటెడ్ కార్బన్ ఒక పొర. “పొరలు ఎక్కువైతే మంచిదే కదా? మా వంటింటి ఆర్ఓలో కూడా నాలుగైదు దశలున్నాయి.”

ఉదయం నుంచి పోట్లాడుకుంటున్న ఇద్దరూ ఇక్కడ ఒక్కటయ్యారు. బొగ్గు పొర రంగు, వాసన, క్లోరిన్ లాగుతుంది, మట్టిని ఆపడం దాని పని కాదు. పైగా నీళ్లు దాంట్లో కొన్ని నిమిషాలైనా ఉండాలి. నిమిషానికి 200 లీటర్లు వస్తుంటే పది నిమిషాలు ఉంచడానికి రెండువేల లీటర్ల ఘనపరిమాణం బొగ్గు కావాలి, అంటే టన్నుకు కాస్త అటూఇటుగా. జానెడు పొర గుండా నీళ్లు బొగ్గును చూసి పోతాయంతే. “డాబా మీద పడే వానల క్లోరిన్ ఏడుంటది మేడం?” అన్నాడు మేస్త్రీ. కరపత్రం మడత పడింది.

“కానీ మీ ఆర్ఓ మాట బాగుంది టీచరమ్మా,” అన్నారు ఇంజినీరు. “ఇళ్లలో పెట్టే ఆర్ఓ గంటకు పదిహేను లీటర్లు ఇస్తుంది. అంటే నిమిషానికి పావు లీటరు. మీరు కుళాయి తిప్పితే మాత్రం గ్లాసు క్షణాల్లో నిండుతుంది. ఎలా?”

“లోపల ఎనిమిది లీటర్ల ట్యాంకుంది కదా.”

“ఆ ట్యాంకే కిటుకు. వడకట్టే వేగమూ వాడుకునే వేగమూ ఒకటి కానక్కర్లేదు.”

వాదన ఇక్కడ మలుపు తిరిగింది. వాన వేగంతో ఫిల్టరు పరిగెత్తాలని మేస్త్రీ, ఫిల్టరు వేగానికి వాన తగ్గాలన్నట్టు ఇంజినీరు ఇంతసేపూ మాట్లాడారు. నడుమ నీళ్లు నిలవబెట్టే చోటుంటే రెండూ అక్కర్లేదు. ఆ చోటు ఎక్కడన్నదే ప్రశ్న. సంపు వాడదామంటే అందులో నల్లా నీళ్లు ఉన్నాయి, వాన నీళ్లు కలిపితే ఊరుకునేవాళ్లెవరూ లేరు. మేస్త్రీయే దారి చూపించాడు. వెనక సందులో అడుగు ఎత్తు దిమ్మె కట్టి 5,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు నిలబెడితే, డాబా గొట్టం నేరుగా దాంట్లోకి వస్తుంది. మోటారు అక్కర్లేదు. 2020 లాంటి వరద వచ్చినా రోడ్డు మీది మురుగు దాంట్లోకి ఎక్కదు.

“నదీం కాలనీల ఇంకుడు గుంతలు నేలకు సమంగ ఉండె సార్. వరదల డ్రైనేజీ నీళ్లు గూడ గండ్లకే పోయినయ్. గప్పటి సంది నేను గుంత గోడ రెండడుగులు లేపుతున్న.”

ఇంజినీరు ఈ మాటను తన కాగితం మీద రాసుకున్నారు. లెక్క కూడా సరిపోయింది. ఇందాక లెక్క వేసిన గట్టి వానకు ట్యాంకు నిండటానికి 25 నిమిషాలు పడుతుంది. ట్యాంకులోంచి ఫిల్టరుకు వాల్వు తిప్పి నిమిషానికి 37 లీటర్లే వదిలితే, మీటరున్నర పొడవు, మీటరున్నర వెడల్పు ఇసుక గదిలో నీళ్లు గంటకు ఒక మీటరు దిగుతాయి. మేస్త్రీ గుంతలో దిగే వేగం కన్నా ఇది చాలా తక్కువ, ఇంజినీరు కోరిన వేగం కన్నా ఐదు రెట్లు ఎక్కువ. ఈ వేగానికి పావు మిల్లీమీటరు ఇసుక అక్కర్లేదు, అర మిల్లీమీటరుది చాలు. ట్యాంకు నిండా ఉన్న నీళ్లు రెండు గంటల పైచిలుకు సమయంలో దిగిపోతాయి.

“అర మిల్లీమీటరు ఇసుక సందుల్లోంచి సన్న మట్టి జారిపోదా?” టీచరమ్మ సందేహం.

జారుతుందనే ఎవరైనా అనుకుంటారు. ఇసుకను జల్లెడలా ఊహించుకోవడం వల్ల వచ్చే పొరపాటది. రేణువుల మధ్య సందు చాలా పెద్దది, బ్యాక్టీరియా దాని ముందు నలుసు కూడా కాదు. అయినా ఇసుక దాన్ని పట్టుకోగలదు. కాస్త పెద్ద మట్టి రేణువు బరువుకు వంగి ఇసుక మీద వాలుతుంది. మరీ సన్నది నీటి అణువుల తాకిడికి అటూఇటూ ఊగుతూ వచ్చి తగులుకుంటుంది. తగిలినవి అంటుకుంటాయి. రెండు రకాలుగానూ తప్పించుకునేది ఒక మైక్రాన్ చుట్టుపక్కల సైజుదని 1971లో యావో, హబీబియన్, ఒమెలియా అనే ముగ్గురు పరిశోధకులు చూపించారు. చాలా బ్యాక్టీరియా సైజు సరిగ్గా అంతే. నీళ్లు నెమ్మదిగా దిగేకొద్దీ తగిలే అవకాశం పెరుగుతుంది కాబట్టే ఇంజినీరు వేగం దగ్గర అంత పట్టుపట్టారు.

గుడ్డ కూడా ఇలాంటి ఆశ్చర్యమే చూపించింది. బంగ్లాదేశ్ పల్లెల్లో రీటా కోల్వెల్ బృందం పాత చీరను మడతలు పెట్టి బిందె మూతికి కట్టి నీళ్లు వడకట్టించింది. 2003లో వచ్చిన ఫలితాల ప్రకారం కలరా కేసులు సుమారు సగానికి తగ్గాయి. కలరా క్రిమి చీర సందుల్లోంచి సులువుగా దూరిపోగలదు, కానీ అది అంటిపెట్టుకుని ఉండే నీటి పురుగులు దూరలేవు. కొత్త చీర కన్నా ఉతికి ఉతికి నూలు విచ్చుకున్న పాత చీరే బాగా ఆపింది.

“మా అమ్మ అట్లనే వడకట్టేది,” అన్నాడు మేస్త్రీ. “నాలుగు మడతలు పెట్టేది, ఎనిమిది పెడితే బిందె నిండేసరికి పొద్దుగూకుతుండె.”

ఇక మిగిలింది పొరల వరస. ఇక్కడ మళ్లీ ఇద్దరికీ పడలేదు.

ఇంజినీరు పైన దొడ్డు, కింద సన్నం ఉండాలన్నారు. శుద్ధి కేంద్రాల్లో ఇసుక ఫిల్టరును కింది నుంచి కడిగినప్పుడల్లా సన్న రేణువులు పైకి తేలి, దొడ్డువి అడుగుకు చేరతాయి. దాంతో మురికంతా పై రెండంగుళాల్లోనే ఆగి, కింది రెండడుగుల ఇసుక ఊరికే ఉండిపోతుంది. దీన్ని తప్పించడానికి ఇసుక మీద ఆంత్రసైట్ బొగ్గు పొర వేయడం మొదలుపెట్టారు. దాని ముక్క ఇసుక కన్నా పెద్దది, బరువు మాత్రం తక్కువ, కాబట్టి ఎన్నిసార్లు కడిగినా పైనే ఉంటుంది. కొన్నిచోట్ల ఇసుక కింద గార్నెట్ అనే ఇంకా సన్న, ఇంకా బరువైన ఖనిజం వేస్తారు. పెద్ద మురికి పైన, చిన్న మురికి కింద ఆగి, ఫిల్టరు లోతంతా పనిచేస్తుంది. నీళ్లూ ఎక్కువసేపు పోతాయి, తేటా తగ్గదు. పొరలు వేయడంలో అసలు లాభం ఇదే.

“ఇక్కడ కింది నుంచి కడిగే ఏర్పాటు లేదు కాబట్టి, చేత్తోనే ఆ వరస పేర్చుకోవచ్చు. పైన మూడు మిల్లీమీటర్ల చిప్స్, కింద ఇసుక,” అన్నారు ఆయన.

మేస్త్రీ ససేమిరా అన్నాడు. “సార్, కడగనీకి లేదంటున్నరు, మరి మురికి లోపటికి పంపుతున్నరు. చిప్స్ నడుమ చిక్కిన బురద ఎవరు తీస్తరు? మొత్తం తవ్వి, కడిగి, మల్ల పొయ్యాలె. రెండు దినాల కూలి. అసోసియేషన్ ఒక్క ఏడాది చేపిస్తది, రెండో ఏడాది మర్చిపోతది. ఇసుక పైన ఖాళీగ ఉంటే వాచ్‌మన్ పారతోటి రెండంగుళాలు గీకి అవతల పారేస్తడు. అరగంట పని.”

ఇంజినీరు చాలాసేపు మాట్లాడలేదు. ఆయన పనిచేసిన చోట కడగడానికి పంపులున్నాయి, ఆపరేటర్లున్నారు, రిజిస్టరు ఉంది. ఇక్కడున్నది ఒక పార, ఒక వాచ్‌మన్. అదే మురికిని లోతుకు దింపితే ఫిల్టరు ఎక్కువ రోజులు నడుస్తుంది, పైనే ఆపితే త్వరగా మూసుకుపోయినా సులువుగా బాగవుతుంది. ఎవరు కడుగుతారో తేలకుండా ఈ రెండింట్లో ఏది మేలో చెప్పలేం. చివరికి ఆయనే రాజీ చెప్పారు. దొడ్డు పొర చేసే పనిని ఫిల్టరులో కాకుండా దానికి ముందే చేయించాలి. ట్యాంకులో నీళ్లు నిలిచినప్పుడే బరువు మట్టి తేరుతుంది. ఫిల్టరుకు పోయే గొట్టం అడుగు నుంచి కాకుండా అడుగెత్తున బిగిస్తే ఆ బురద ట్యాంకులోనే ఉండిపోతుంది, ఏడాదికోసారి అడుగు వాల్వు తిప్పి వదిలేయొచ్చు. ముందు దొడ్డు వడపోత, తర్వాత ఇసుక అని దశలుగా విడదీసే ఈ పద్ధతిని కొలంబియాలోని కాలి నగరంలో యూనివర్సిటీవాళ్లు పల్లెల నీటి పథకాల కోసం ఏళ్ల తరబడి పరీక్షించి స్థిరపరిచారు.

“ట్యాంకుకు మూత, మూతకు జాలి మర్వకున్రి,” అన్నాడు మేస్త్రీ. “అడుగు నీళ్లు నిలుస్తయంటే దోమలు పెడ్తయి. డెంగీ వస్తే మనల్నే తిడ్తరు.”

మొదటి వాన సంగతి తేల్చడానికి ఎక్కువసేపు పట్టలేదు. డాబా మీద నెలల దుమ్ము, ఆకులు, పావురాల రెట్ట అంతా మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల వానతోనే కొట్టుకొస్తుంది. దాన్ని పక్కకు తప్పించడానికి మేస్త్రీ మామూలుగా మూడు మీటర్ల నాలుగంగుళాల గొట్టం బిగిస్తాడు. దాంట్లో పట్టేది పాతిక లీటర్లు. ఈ డాబాకు ఒక్క మిల్లీమీటరు వానే 200 లీటర్లు, అంటే ఒక పెద్ద డ్రమ్ము. ఇంజినీరు డ్రమ్ము కావాలన్నారు, మేస్త్రీ మారుమాట్లాడలేదు.

చిట్టచివరి ప్రశ్న మీద మాత్రం ఎవరి మాట వాళ్లదే. వడకట్టిన నీళ్లను నేరుగా బోరు కేసింగులోకి వదలాలని మేస్త్రీ పట్టుపట్టాడు. “ఒక్క సీజనుల నీళ్లు లేస్తయ్, నా కండ్లతోటి చూసిన. గుంతల పోస్తే బోరుకు ఎప్పుడు చేరాలె?”

“చేరడానికి ఆలస్యమయ్యేదే మనకు కావాలి,” అన్నారు ఇంజినీరు. “హైదరాబాదు కింద ఉన్నది గ్రానైటు. బోరులో నీళ్లు వచ్చేది బండ పగుళ్లలోంచి. అక్కడ ఇసుకా లేదు, మొరమూ లేదు. పైనుంచి క్రిములు పోతే ఆపేది ఏదీ లేదు, పగులులో బురద పేరుకుంటే తీసేవాళ్లూ లేరు. మన ఫిల్టరు ఎంత మంచిదైనా నీళ్లను తేట చేస్తుంది, క్రిములన్నిటినీ ఆపదు. బోరు పక్కన గుంతలో వదిలితే ఆ తర్వాత నాలుగైదు మీటర్ల మొరం ఉచితంగా వడకడుతుంది.”

“జూబ్లీహిల్స్‌ల మూడడుగులకే బండ తగుల్తది సార్. ఆడ గుంతల పోస్తే వారం దినాలైనా ఇంకదు. ఫిల్మ్‌నగర్ బంగ్లాలకు నేను బోర్లనే ఇస్తున్న.”

“ఇక్కడ బండ లేదుగా. గుంత తవ్వి, నీళ్లు నింపి, ఎంతసేపట్లో ఇంకుతాయో చూద్దాం. నేలే తాగనప్పుడు ఫిల్టరు వేగం గురించి మాట్లాడుకోవడం దండగ.”

ఈ విషయంలో ఇంజినీరుదే సరైన మాట. ఇసుక మూసుకుపోతే గీకొచ్చు, పాడైతే మార్చొచ్చు. బోరు పగుళ్లలోకి పోయిన మురికిని వెనక్కి తీసే ఉపాయం లేదు, ఆ పగుళ్ల నీళ్లు పక్కింటివాళ్లూ తాగుతారు. గుంత అడుగున మొరం కూడా ఒకసారి బురదతో పూడితే మళ్లీ తెరుచుకోదు, అందుకే గుంతలోకి పోయే నీళ్లకు సైతం ఇసుక గది కావాలి. గుంత ఇంకడం లేదన్న సాకుతో నేరుగా బోరులోకి వదలడం అపార్ట్‌మెంటు సొంత వ్యవహారం కాదు. స్థలం, గోడ ఎత్తు, శుభ్రం చేసే తీరు, ఈ మూడింట్లోనూ మేస్త్రీ చెప్పిందే నిలిచింది.

మేస్త్రీ గీసిన మొదటి బొమ్మ కూడా వృథా కాలేదు. ట్యాంకు నిండి పొర్లే నీళ్ల కోసం గేటు పక్క మొక్కల దగ్గర, బోరుకు దూరంగా, దొడ్డు ఇసుక, కంకరల మామూలు గుంత తవ్వుతారు. పెద్ద వానల నీళ్లు రోడ్డు మీదికి పోకుండా అది మింగినంత మింగుతుంది. హైదరాబాదులో ఏడాది వాన సుమారు 800 మిల్లీమీటర్లు. ఈ డాబా మీద పడేదాంట్లో ఇరవై శాతం పోయినా 1,28,000 లీటర్లు మిగులుతాయి, ఐదువేల లీటర్ల ట్యాంకర్లయితే పాతిక.

ఇంకుడు గుంత ఇప్పటికే ఉన్న అపార్ట్‌మెంట్లవాళ్లు జూన్ రాకముందే ఒక ఆదివారం మూత తెరవండి. పైన ఇసుక కనిపిస్తే రెండంగుళాలు గీకించి, తగ్గినంత కడిగిన ఇసుక పోయించండి. కనిపించకపోతే అది కంకరలోకి దిగిపోయిందని లెక్క, మధ్య పొర లేకుండా కట్టారన్నమాట. తర్వాత ఒక డ్రమ్ము నీళ్లు కుమ్మరించి ఎన్ని నిమిషాల్లో దిగుతాయో గడియారం చూసి, ఆ అంకెను మూత మీదే రంగుతో రాయించండి. వచ్చే ఏడాది మళ్లీ అంతే నీళ్లు పోసి చూస్తే, గుంత పనిచేస్తోందో లేదో ఎవరినీ అడగక్కర్లేదు.